గబ్రియేలు దూత వరద డ్యూటీ

ఉదయం అయిదూ నలభైకి మా లారీలు ఏటిగట్టు మీద ఆగాయి. సన్నగా వాన. ముందురోజు మధ్యాహ్నం రెండింటికి సికింద్రాబాదులో ఎక్కాం. గోదావరి జిల్లాల్లో వరద డ్యూటీ అన్నారు గానీ ఏ ఊరో చెప్పలేదు. సైన్యంలో అది మామూలే. కొవ్వూరు దాటేవరకు హాయిగా నిద్రపోయాను. విజ్జేశ్వరం దాటాక టార్పాలిన్ సందులోంచి బయటికి చూసి కొంచెం కంగారు పడ్డాను. ఇన్ని లంకలుండగా మన లంకకే ఎందుకు పంపుతారులే అని సర్దిచెప్పుకున్నాను.

లారీ దిగి చూశాను. గట్టుకి అవతల ఎర్రనీళ్ళు. నీళ్ళలో నిలబడ్డ కొబ్బరిచెట్లు. వాటి మధ్య ఒక సిలువ, సిలువ కింద పసుపు రంగు డాబా. ఆ రంగు వేసింది మా బాబాయే. అది మా లంక.

అప్పుడు నేను నాయక్‌ని. ఇంజనీర్ల రెజిమెంట్‌లో బోటు డ్రైవర్ని. పదకొండేళ్ళ సర్వీసు. మంచులో చేశాను, ఎడారిలో చేశాను. ఇంత పెద్ద దేశంలో ఇన్ని నదులు పొంగుతుంటే, నేను తలెత్తుకోలేని ఒకే ఒక్క ఊరికి సర్కారు నన్ను ఏరికోరి పంపింది. ఊరి పేరు రాయను. రాస్తే మా పాస్టరు గారు ఇబ్బంది పడతారు. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది.

మా దళంలో రెండు బోట్లు, తొమ్మిది మంది. పైన ఒక కెప్టెన్ సాబ్. హర్యానా మనిషి. వయసులో నాకన్నా చిన్న, గొంతులో నాకన్నా చాలా పెద్ద. జీపు బానెట్ మీద మ్యాపు పరిచి నన్ను పిలిచారు. నా కాగితాల్లో సొంత ఊరి పేరు ముందే చూసుకున్నారు. నీళ్ళ కింద దారులు తెలుసా అని అడిగారు. చిన్నప్పుడు తెలుసు సాబ్, ఇప్పుడు మారిపోయి ఉంటాయి అన్నాను. ఊరు ఎక్కడికీ పోలేదు కదా, ముందు బోటు నీదే అన్నారు. ఆ సంభాషణ అక్కడితో అయిపోయింది.

నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకున్నాను. హెల్మెట్ పెట్టుకున్నాను. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాను. ఒక గుడ్డ ముక్కు దాకా చుట్టుకున్నాను. మా బోటులో రేడియో ఆపరేటర్ బీహారు కుర్రాడు. నన్ను పైనుంచి కిందకి చూశాడు.

"నాయక్ సాబ్, మనం జనాన్ని కాపాడటానికొచ్చామా, దోచుకోవడానికొచ్చామా?"

ఏడూ ఇరవైకి మొదటి డాబా చేరాం. నలుగురు మనుషులు, రెండు మేకలు. వాళ్ళలో ఒకావిడ నావైపు ఒక్కసారి చూసింది. గుడ్డ, అద్దాలు, హెల్మెట్ ఏవీ ఆమెకి అడ్డం కాలేదు. వెనక్కి తిరిగి మిగతావాళ్ళకి, గబ్రియేలు వచ్చాడర్రా అని చెప్పింది. మధ్యాహ్నానికి ఆ కబురు లంకంతా పాకింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, చుట్టూ నీళ్ళు. అయినా పాకింది.

నా పేరు దానియేలు. పదకొండేళ్ళ నుంచి మా ఊళ్ళో నన్ను ఆ పేరుతో పిలిచినవాడు లేడు. గబ్రియేలంటే ఏంటని ఆపరేటర్ అడిగాడు. మా ప్రాంతంలో పెద్దమనుషుల్ని అలా అంటారని చెప్పాను. వాడు నమ్మాడు. ఆ సాయంత్రం నుంచి రేడియోలో నన్ను గబ్రియేల్ సాబ్ అనడం మొదలుపెట్టాడు.

అసలు సంగతి ఇది. పదకొండేళ్ళ కిందటి క్రిస్మసుకి మా మందిరంలో నాటకం వేశాం. రాసింది అప్పటి సంఘ పెద్ద, కరుణమ్మ మామ్మ భర్త. ఊళ్ళో అందరికీ ఆయన తాతగారు. నేను గబ్రియేలు దూతని. నాతో ఒకే బెంచీ మీద చదువుకున్న రత్నం యోసేపు. దూత ఆకాశం నుంచే దిగాలని తాతగారి పట్టు. పన్నెండు అడుగుల వెదురు మంచె కట్టారు. కప్పీ పెట్టి మోకు వేశారు. నా వీపుకి థర్మోకోల్ రెక్కలు కట్టారు. నాకు ఎత్తంటే భయం. భయపడొద్దని లోకానికి చెప్పాల్సిన దూత మంచె ఎక్కకముందే వణుకుతున్నాడు. ధైర్యానికని ఒక అరసీసా బ్రాందీ తెప్పించుకున్నాను. మందిరం వెనక అరటితోటలో సగం తాగి, మిగతా సగం చెట్టు మొదట్లో దాచి, వచ్చి రెక్కలు కట్టించుకున్నాను.

యోసేపుకి కల వచ్చే ఘట్టం. రత్నం నులకమంచం మీద పడుకుని నిద్ర నటిస్తున్నాడు. గురక కూడా పెట్టాడు. ఎంత సహజంగా చేస్తున్నాడో అని జనం మెచ్చుకున్నారు. పైనుంచి నన్ను వదిలారు. సగం దూరం దూతలాగే దిగాను. తర్వాత తల బరువెక్కి తలకిందులయ్యాను. మోకు జారింది. నా మోకాలు తిన్నగా యోసేపు ముక్కు మీద పడింది. మంచం విరిగింది. రెక్కలు విరిగాయి. ముక్కు విరిగింది. గొర్రెల కాపరులు గోడ దూకి పారిపోయారు. మరియమ్మ వేషం వేసిన అమ్మాయి నవ్వలేక పొట్ట పట్టుకుని కూలబడింది. నా నోటి వాసన మొదటి వరుస దాకా వెళ్ళింది. మొదటి వరుసలో ఉన్నది సంఘ పెద్దలు.

మర్నాడు పెద్దలు కూర్చున్నారు. మందిరం కిటికీ బయట నిలబడి విన్నాను. నాకు బల్ల ఆపాలన్నారు. తెలియనివాళ్ళకి చెప్పాలి. బల్ల అంటే ప్రభువు బల్ల. నెల మొదటి ఆదివారం చిన్న రొట్టెముక్క, గుక్కెడు ద్రాక్షరసం అందరికీ ఇస్తారు. అది ఆపడమంటే, ఇంట్లో అందరికీ విస్తళ్ళు వేసి ఒకణ్ణి గుమ్మంలో నిలబెట్టడం. తాగుడు మానాలి అన్న మాట దాకా విన్నాను. ఆ పైన వినలేక వచ్చేశాను. జనవరిలో కాకినాడలో సైన్యం భర్తీ జరిగితే వెళ్ళి లైనులో నిలబడ్డాను. దేశభక్తి తర్వాత వచ్చింది. ముందు సిగ్గుతో వెళ్ళాను.

తమాషా ఏంటంటే, సంఘంలో ఏ తప్పుకి నన్ను ఆపారో సైన్యంలో దాన్నే రేషనుగా ఇచ్చారు. రెండు పెగ్గుల రమ్ము. సంతకం పెట్టి తీసుకోవాలి. అమ్మానాన్న తణుకు దగ్గర మా అక్క ఊరికి మారిపోయారు. సెలవులకి అక్కడికే వెళ్ళేవాణ్ణి. అక్కడి మందిరంలో చివరి బెంచీలో కూర్చుని బల్లకి ముందు లేచి బయటికి వచ్చేసేవాణ్ణి. పూర్తిగా మానేశాక మా ఊరు వెళ్ళి తలెత్తుకుని నిలబడదామని నా ప్లాను. ఏటా మానేశాను. ఏటా మళ్ళీ మొదలుపెట్టాను. అంత క్రమశిక్షణ నాకు పరేడ్‌లో కూడా లేదు.

ఇప్పుడు డ్యూటీకి వద్దాం. ఆ లంకలో నీళ్ళకి పైన మిగిలిన పెద్ద శ్లాబు ఒక్కటే. మందిరం పై అంతస్తు. అందుకని నిరాశ్రయులకీ అదే, మా దళానికీ అదే. హాలులో నూట పాతిక మంది జనం. వరండాలో మా తొమ్మిది మంది, రేడియో సెట్టు, పెట్రోలు డబ్బాలు. మధ్యలో తాడు మీద ఒక దుప్పటి వేలాడుతోంది. ఆ దుప్పటికి అవతల పాస్టరు గారు. పాస్టరు గారంటే ఎవరో కాదు, రత్నం. నేను వెళ్ళిన నాలుగేళ్ళకి బైబిలు ట్రైనింగు చేసి వచ్చాడట. ముక్కు ఎడమ వైపుకి ఒరిగే ఉంది. ఇప్పుడతను అందరికీ అయ్యగారు.

మూడు రోజులు రత్నాన్ని తప్పించుకున్నాను. అతను మెట్లు దిగితే నేను బోటు దగ్గరికి పోయి ఇంజన్ ప్లగ్గు విప్పి తుడిచేవాణ్ణి. అతను వరండాలోకి వస్తే కంట్రోలు పిలుస్తోందని చెవికి రేడియో పెట్టుకునేవాణ్ణి. ఒకసారి రేడియో స్విచ్చి వేసి లేదు. మా రెజిమెంట్ చరిత్రలో అంత శుభ్రమైన ప్లగ్గు ఉండి ఉండదు.

శనివారం మధ్యాహ్నం మూడూ పదికి దక్షిణం చివర ఒక డాబా దగ్గరికి వెళ్ళమని ఆర్డరు వచ్చింది. ముసలావిడ ఒక్కతే ఉంది, రెండు సార్లు నాటు పడవ పంపినా ఎక్కలేదు అన్నారు. వెళ్ళాం. నీళ్ళు డాబాకి మూడు మెట్లు కిందున్నాయి. పైన టార్పాలిన్ కింద మూడు ఇటుకల పొయ్యి, కొబ్బరి డొక్కల మంట, మంట మీద సత్తుగిన్నె. గిన్నె పక్కన కరుణమ్మ మామ్మ. తాతగారు పోయారని అంతకుముందే విన్నాను. మామ్మకి ఎనభై దాటి ఉంటాయి. అప్పటిలాగే నిటారుగా కూర్చుంది.

రేపు బల్ల అట. ద్రాక్షరసం ఎప్పుడూ మామ్మే కాస్తుంది. ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడకబెట్టి, పలచటి గుడ్డలో వేసి పిండాలి. అది అయ్యేదాకా పడవ ఎక్కనంది. ఆపరేటర్ కంట్రోలుకి చెప్పాడు.

"కంట్రోల్, బోట్ వన్. మనిషి దొరికింది. రావడం లేదు. వంట అవుతోంది. ఓవర్."

కెప్టెన్ సాబ్ స్వయంగా సెట్టులోకి వచ్చారు. ఏం వంట అని అడిగారు. ద్రాక్ష అన్నాను. ద్రాక్ష ఎందుకు ఉడుకుతోంది అన్నారు. దేవుడికి సాబ్ అన్నాను. ఎంతసేపు పడుతుంది అన్నారు. ఇరవై నిమిషాలన్నాను. పది నిమిషాలు ఇస్తున్నాను అన్నారు. ఆ మాట మామ్మకి తెలుగులో చెప్పాను. ద్రాక్షకి హిందీ రాదని చెప్పు అంది.

ఆపరేటర్ బోటులో ఉండిపోయాడు. నేను పొయ్యి ముందు గొంతుకూర్చున్నాను. పొగకి కళ్ళు మండి నల్లద్దాలు తీశాను. మామ్మ గరిటె నా చేతిలో పెట్టింది.

"కలుపు దానేలూ."

పదకొండేళ్ళ తర్వాత ఆ ఊళ్ళో నా పేరు విన్నాను. గిన్నెలోకి చూస్తూ కలిపాను.

"మానేవా?" అంది.

"లేదు మామ్మా."

"ఎంతేంటి?"

"రెండు పెగ్గులు. రోజూ కాదు."

"సర్లే. అడుగంటుతోంది, బాగా కలుపు."

కలిపాను. అప్పుడు మామ్మ నిదానంగా చెప్పింది. పెద్దలు నన్ను ఆపింది ఒక్క నెలకే. కిటికీ దగ్గర ఇంకో రెండు నిమిషాలు నిలబడి ఉంటే ఆ మాట వినేవాణ్ణి. తాగుడు మానాలి, మానడానికి మనం తోడుండాలి, నెల తిరిగేసరికి బల్లకి పిలవాలి అని తాతగారు రాయించారట. ఫిబ్రవరి మొదటి ఆదివారం బల్ల దగ్గర నా పేరు పిలిచారు. నేను లేను. మార్చిలో పిలిచారు. ఆ తర్వాత పోయేవరకు, తొమ్మిదేళ్ళు, ప్రతి నెలా పిలిచారట. ఊరికి అలవాటైపోయింది. దానియేలు అని ఆయన అనడం, ఎవరూ లేవకపోవడం, తర్వాత పాట ఎత్తుకోవడం.

నేను ఏడవలేదు. పొగ వల్ల కళ్ళు నీళ్ళు కారాయి, అంతే. మానకుండా వచ్చి చెయ్యి ఎలా చాపుతాను మామ్మా అన్నాను. ఆవిడ గిన్నె దించి ద్రాక్షని గుడ్డలో పోసింది. గుడ్డ రెండు కొసలు పట్టుకోమంది. పిండాం. గిన్నెకి మూత పెట్టి పైన తువ్వాలు కట్టింది. బోటులో ఒక లైఫ్ జాకెట్ మిగిలి ఉంది. దాన్ని గిన్నెకి తొడిగింది. మూడూ నలభైకి బయల్దేరాం. ఆపరేటర్ రిపోర్టు ఇచ్చాడు. ఇద్దరు ఎక్కారు, ఒకరు మాట్లాడతారు, ఒకరు మాట్లాడరు.

ఆదివారం పొద్దున వాన తెరిపి ఇచ్చింది. నీళ్ళు రెండడుగులు తీశాయి. ఆరింటికి బోటు కట్టిన చోటు చూసుకోవడానికి దిగాను. బోటు మందిరం గోడ బయట కరెంటు స్తంభానికి కట్టాం. మెట్ల నుంచి అక్కడికి ముప్ఫై అడుగులుంటుంది. నడుం లోతు నీళ్ళు. గోడకీ స్తంభానికీ మధ్య తోటలకి నీరు పెట్టే బోదె ఉంది. దాని మీద నడవడానికి ఒక సిమెంటు పలక ఉండేది. తెడ్డుతో పొడిచి చూశాను. పలక కొట్టుకుపోయింది. అక్కడ తెడ్డు మొత్తం మునిగింది. మా వాళ్ళకి ఆ చోటు చూపించి జాగ్రత్త చెప్పాను.

ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఆరాధనకి కెప్టెన్ సాబ్ అనుమతి ఇచ్చారు. తొమ్మిదికి బోట్లు కదలాలి. ఆయనా బూట్లు విప్పి లోపలికొచ్చి చాప మీద కూర్చున్నారు. నేను వరండాలోకి జారుకుంటుంటే పిలిచారు. పక్కన కూర్చోబెట్టుకుని, ఏం జరుగుతుందో హిందీలో చెప్పమన్నారు. అది ఆర్డరు. తప్పించుకోవడానికి ప్లగ్గు కూడా లేదు.

మా సంఘంలో బల్లకి ముందు ఒక పద్ధతుంది. ఎవరి మీద ఎవరికైనా మనసులో ఏదైనా ఉంటే, అప్పుడే లేచి వెళ్ళి వందనాలు చెప్పుకుని సమాధానపడాలి. ఆ తర్వాతే రొట్టె. నూట పాతిక మంది నాలుగు రోజులు ఒకే హాలులో ఉన్నారు కదా, సమాధానపడాల్సినవి బోలెడున్నాయి. పులిహోర పొట్లం దగ్గర ఒకరు, చాప దగ్గర ఒకరు, గురక దగ్గర చాలామంది. హాలంతా లేచి అటూ ఇటూ తిరుగుతున్నారు. సాబ్‌కి విషయం చెప్పాను. మంచి పద్ధతి, మన కంపెనీలో నెలకోసారి పెడదాం అన్నారు. వెనక నుంచి ఆపరేటర్, గంటలో అవదు సాబ్, రోజంతా పడుతుంది అన్నాడు.

అందరూ కూర్చున్నాక పాస్టరు గారు లేచి నిలబడ్డారు. అందరివైపూ చూశారు. తర్వాత నావైపు చూశారు.

"నేను కూడా ఒకరితో సమాధానపడాలండి. ఆ నాటకం రోజు దానియేలు అరటిచెట్టు మొదట్లో దాచిన సీసాలో మిగిలింది తాగింది నేనే. మంచం మీద నేను నటించలేదు, నిజంగానే నిద్రపోయాను. మెలకువగా ఉంటే పక్కకి తప్పుకునేవాణ్ణి, ఈ ముక్కు నిలబడేది. తనని ఆపారు. నేను నోరు మూసుకుని బల్ల తీసుకున్నాను. ఏడేళ్ళుగా మీకు బల్ల ఇస్తున్నాను."

ఏమంటున్నారని సాబ్ అడిగారు. ముక్కు గురించి సాబ్ అన్నాను. అంతసేపు ముక్కు గురించా అన్నారు. పెద్ద కథ సాబ్ అన్నాను. ఆ రాత్రి నాటకం చెడ్డాక వెళ్ళి చూస్తే చెట్టు మొదట్లో సీసా లేదు. పెద్దలకి దొరికిందనే పదకొండేళ్ళు అనుకున్నాను.

అప్పుడు కరుణమ్మ మామ్మ గిన్నె పక్కనుంచే మాట్లాడింది.

"ఆ రాత్రి మీరు నాటకానికి తెచ్చిన గాడిద మెడ పట్టుకుని, మరియమ్మా లే, బేత్లెహేము చాలా దూరం అని బతిమాలారండి అయ్యగారూ. మాకందరికీ తెలుసు."

పాస్టరు గారు మామ్మవైపు తిరిగారు. "తెలిసే నన్ను పాస్టర్ని చేశారా?"

"తెలియకుండా చేసుంటే ఇప్పుడు తీసెయ్యాల్సొచ్చేది. కానివ్వండి, రసం చల్లారిపోతోంది."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. వేళాకోళం నవ్వు కాదది. ఇంట్లో పిల్లవాడు దాచిన సంగతి అందరికీ ముందే తెలిసినప్పుడు నవ్వే నవ్వు. రత్నం కళ్ళు తుడుచుకుని నాకు చేతులు జోడించాడు. దానియేలూ, రా అన్నాడు. నూట పాతిక తలలు నావైపు తిరిగాయి. ఒక్క మొహంలో కూడా కోపం లేదు. అందరూ నా కోసం చూస్తున్నారు.

తిడితే నిలబడేవాణ్ణి. తిట్లకి నాకు ట్రైనింగు ఉంది. పిలిస్తే ఏం చెయ్యాలో తెలియలేదు. రత్నం ఆ రాత్రి తర్వాత ముట్టలేదని విన్నాను. నా సంచిలో, దుప్పటికి అవతల, సగం సీసా రమ్ము ఉంది. నిన్న కూడా తాగాను. లేచి నిలబడి, నీళ్ళు తీస్తున్నాయి, బోటు తాడు చూడాలి సాబ్ అన్నాను. ఆయన ఏదో అనేలోగా మెట్లు దిగి, నడుం లోతు నీళ్ళలో పడి, బోదె ఉన్నచోట ఒక్క ఈత ఈది, బోటెక్కి కూర్చున్నాను. టైము ఎనిమిదీ ముప్ఫై అయిదు. ఆ ఊరి నుంచి పారిపోవడం రెండోసారి.

తాడు బాగానే ఉంది. దాన్ని విప్పి మళ్ళీ కట్టాను. లోపల పాట ఎత్తుకున్నారు. ఆ పాట నాకు మొత్తం వచ్చు. పెదాలు కదపకుండా కూర్చున్నాను. అంత ఒంటరిగా మంచుకొండ మీద కూడా లేను.

పాట ఆగింది. మెట్ల మీద అలికిడి. చూస్తే రత్నం. తెల్లచొక్కా, పంచె ఎగ్గట్టి ఉంది. నెత్తిమీద స్టీలు పళ్ళెం, దానికి తెల్లగుడ్డ కప్పి ఉంది. ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని నీళ్ళలోకి దిగుతున్నాడు.

లంకలో పుట్టి ఈత రానివాడు మా ఊరు మొత్తానికి రత్నం ఒక్కడే. చిన్నప్పుడు రేవులో మేము ఈదుతుంటే ఒడ్డున కూర్చుని మా చొక్కాలు కాపలా కాసేవాడు.

ఆగు అన్నాను. ఆగలేదు. ముందు బోదె ఉంది, పలక లేదు, ఆగు అని అరిచాను. పలక మీద నడవడం నాకు తెలీదా అన్నట్టు చెయ్యి ఊపి వస్తూనే ఉన్నాడు. మెట్ల మీదికి కెప్టెన్ సాబ్ వచ్చారు. నా భుజం మీద రేడియో పలికింది.

"బోట్ వన్, నీళ్ళలో ఆ సివిలియన్ ఎవరు?"

"యోసేపు, సాబ్."

అది చెప్పేసరికే రత్నం కాలు బోదెలో పడింది. ఛాతీ దాకా ఒక్కసారి దిగిపోయాడు, మరుక్షణం గెడ్డం దాకా. పళ్ళెం మాత్రం పైనే ఉంది. ఎలా దూకానో గుర్తు లేదు. ఒక చెయ్యి బోటు అంచు మీద ఉంచి రెండో చెయ్యి చాపాను. నేను చెప్పాల్సింది అప్పుడే చెప్పాలనిపించింది. ఇప్పటికీ నవ్వొస్తుంది, మనిషి మునిగిపోతుంటే నేను లెక్కగా నా తప్పు ఒప్పుకుంటున్నాను.

"నేను ఇంకా మానలేదు రత్నం."

"నాకు ఇంకా ఈత రాదు," అన్నాడు గుక్క తిప్పుకుంటూ. "చెయ్యందుకో ముందు."

అందుకున్నాను. నేనెక్కి, అతన్ని బోటులోకి లాగాను. ఇద్దరం అడుగున పడి ఆయాసపడ్డాం. కాసేపటికి లేచి కూర్చుని పళ్ళెం మీద గుడ్డ తీశాడు. ఒక రొట్టెముక్క. మామ్మ తన దగ్గుమందు సీసా మూతలో పోసి ఇచ్చిన రసం సగం ఒలికిపోయింది, సగం ఉంది. ప్రార్థన చేశాడు. నా పేరు పెట్టి పిలిచి ఇచ్చాడు. తీసుకున్నాను. కొంచెం మాడు వాసన వచ్చింది. నేనే సరిగ్గా కలపలేదు.

ఏడ్చాను. బాగా ఏడ్చాను. మళ్ళీ వాన మొదలైంది గనుక రిపోర్టులో ఆ సంగతి రాయలేదు. తొమ్మిదికి బోట్లు కదిలాయి. ఆ రోజు రిజిస్టరులో కెప్టెన్ సాబ్ స్వదస్తూరీతో రాశారు. నీళ్ళలో సివిలియన్ ఒకడు, కాపాడబడ్డాడు. ఎవరు ఎవర్ని కాపాడారో రాయలేదు.

పద్దెనిమిదో రోజు లారీలెక్కాం. గట్టు మీద ఊరంతా నిలబడింది. మామ్మ నాకు కందిపచ్చడి సీసా ఇచ్చింది. ఆపరేటర్ అందరికీ వందనాలు చెప్పడం నేర్చుకుని, సికింద్రాబాదు చేరేదాకా దారిలో టోల్‌గేటు వాళ్ళకి కూడా చెప్పాడు. ఇంకో ఆరేళ్ళు చేసి హవల్దారుగా దిగాను. ఇప్పుడు కొవ్వూరులో పడవ ఇంజన్లు బాగుచేసుకుంటాను. నెల మొదటి ఆదివారం మా లంకకి వెళ్తాను. సైనికుడి సాక్ష్యం, అంటే దేవుడు నన్నెలా మార్చాడో, చెప్పమని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. చివర్లో పూర్తిగా మానేశానని నేను చెప్పాలని వాళ్ళ ఆశ. చాలావరకు మానేశాను. పూర్తిగా అని చెప్తే అబద్ధమవుతుంది. ఆ మాటే చెప్పి కూర్చుంటాను. రత్నం పాట ఎత్తుకుంటాడు.

మంచులో పోయినవాళ్ళని చూశాను, ఎడారిలో తుపాకులు చూశాను. అవన్నీ మెల్లగా మసకబారుతున్నాయి. ఇది మాత్రం పోదు. గెడ్డం దాకా ఎర్రనీళ్ళు, నీళ్ళలోంచి పైకి లేచిన రెండు చేతులు. ఒక చెయ్యి పళ్ళెం నాకు అందిస్తోంది, రెండోది నన్ను పట్టుకోవాలని వెతుకుతోంది.